పాట ఎవరి పేరు మీద?

కంట్రీ మ్యూజిక్ గురించి తెలుగులో రాయాలంటే ముందు ఆ పేరు దగ్గరే ఆగిపోవలసి వస్తుంది. పల్లె సంగీతం అంటే చప్పగా ఉంది. జానపదం అంటే తప్పు అర్థం వస్తుంది. జానపదం అనగానే మనకి అందరిదీ అయిన పాట, అందువల్ల ఎవరిదీ కాని పాట గుర్తొస్తుంది. అమెరికా దక్షిణాది కొండల్లో, పొలాల్లో పాడుకున్న ఈ పాటలకి ఒక ప్రత్యేకమైన గుర్తింపు వచ్చింది మాత్రం అంగట్లోకి చేరాకే. 1920లలో గ్రామఫోను కంపెనీలు పేద తెల్లవాళ్ళు పాడే పాటల్ని ఒక జాబితాగా, నల్లవాళ్ళు పాడేవాటిని 'రేస్ రికార్డులు' అని ఇంకో జాబితాగా విడదీసి అమ్మాయి. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుని పాడుకున్న మనుషుల మధ్య కేటలాగు పేజీల్లో గోడ లేచింది. కాబట్టి ఇందులో బృందాల చరిత్ర చదవడమంటే ఎవరు పాడారో తెలుసుకోవడంతో సరిపోదు. ఎవరి పేరు మీద అమ్మారు, డబ్బు ఎవరి ఇంటికి చేరింది అని కూడా అడగాలి.

నాకు ఈ సంగీతంతో పరిచయం డాలస్‌లో, కారు రేడియోలో. వరినాట్ల పాటల మీద పిహెచ్.డి. పూర్తయిన ఏడాదికే పెళ్ళయి, డిపెండెంట్ వీసా మీద ఇక్కడికి వచ్చాను. మొదటి మూడేళ్ళు ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఇంటి అద్దె కాగితం, బ్యాంకు ఖాతా, ఆరోగ్య బీమా, ఎక్కడ చూసినా ఆయన పేరు కింద 'స్పౌజ్' అనే గడిలో నేను. ఆ గడిలో కూర్చోవడం ఎలా ఉంటుందో ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను వివరించనక్కర్లేదు. ఆ ఖాళీ రోజుల్లో లైబ్రరీ నుంచి పుస్తకాలు మోసుకొచ్చి కంట్రీ సంగీతం చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదువుతున్నకొద్దీ అది నాకు బాగా తెలిసిన కథే అనిపించింది. ఆడవాళ్ళు కలిసి పాడే పాట, దాన్ని సేకరించే మగవాడు, హక్కులు రాయించుకునే పెద్దమనిషి.

ఈ వ్యాపారాన్ని మొదటి రోజుల్లో నిలబెట్టిన బృందం కార్టర్ ఫ్యామిలీ. వాళ్ళు ముగ్గురు. వర్జీనియా కొండల్లో మేసెస్ స్ప్రింగ్ అనే పల్లెకు చెందిన ఏ.పి. కార్టర్, అతని భార్య సారా, తమ్ముడి భార్య మేబెల్. సారా, మేబెల్ పుట్టింటి వైపు నుంచి అక్కచెల్లెళ్ళ వరస. అన్నదమ్ముల్ని చేసుకుని తోడికోడళ్ళయ్యారు. పాడిందీ వాయించిందీ ప్రధానంగా ఈ ఇద్దరే. బృందం పేరు మాత్రం అత్తింటిది.

1927 ఆగస్టు 1న వీళ్ళు టెనెసీ, వర్జీనియా సరిహద్దు మీద ఉన్న బ్రిస్టల్ ఊరికి వెళ్ళారు. విక్టర్ కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అక్కడికి రికార్డింగు యంత్రాలతో వచ్చి ఉన్నాడు. మేబెల్‌కి పద్దెనిమిదేళ్ళు, నెలలు నిండుతున్న మనిషి. సారా చంకలో పాలు తాగే పిల్లవాడు. వాణ్ణి ఆడించడానికి ఎనిమిదేళ్ళ పెద్దకూతురు. రెండు రోజుల్లో ఆరు పాటలు పాడారు. పాటకి 50 డాలర్లు ఇచ్చారు. సారా గొంతు వినగానే తనకు సంగతి అర్థమైపోయిందని పీర్ తర్వాత చెప్పుకున్నాడు. మేబెల్ బొటనవేలితో మంద్రపు తీగల మీద పాట వరస పలికిస్తూ, మిగతా వేళ్ళతో నడక తప్పకుండా చూసుకునేది. పక్కన ఉండి తాళం కొట్టే గిటారు ఆ పద్ధతిలో తానే పాడడం మొదలుపెట్టింది. తర్వాత గిటారు పట్టిన ఎన్నో తరాలు ఆ వాయింపునే నేర్చుకున్నాయి. ఏ.పి. గొంతు మధ్యమధ్య తనకి తోచినప్పుడు కలిసేది.

రెండో రోజు పాడిన రెండు పాటల్లో ఆయన గొంతు అసలు లేదు. వాటిలో ఒకటి పెళ్ళికాని పిల్లకి ఉండే తీరుబడినీ, పెళ్ళయినామెకి మిగిలే ఊయల చాకిరీనీ పక్కపక్కన పెట్టే పాట. సారాకి ఆ పాట నచ్చలేదట. పీర్ పట్టుబట్టి పాడించాడు. ఆ రికార్డే బాగా అమ్ముడైంది. బిడ్డని వదిలి వచ్చి ఆ పాట పాడిన సారా నాకు చాలా రోజులు మనసులోంచి పోలేదు. తన బతుకే సరుకుగా మారుతున్న సంగతి ఆమెకి ఆ పూటే తెలిసి ఉంటుందా?

ఇక కాగితం సంగతి. పీర్ తన రాబడిని జీతం మీద కాకుండా పాటల హక్కుల మీద ఏర్పాటు చేసుకున్నాడు. 1928లో సదరన్ మ్యూజిక్ అనే ప్రచురణ సంస్థ పెట్టాడు. పాత పాటనైనా కొంచెం మార్చి, ఒక రచయిత పేరు పెట్టి నమోదు చేస్తే దాని మీద రాయల్టీ వస్తుంది. ఆ నమోదుల్లో ఎక్కిన పేరు ఏ.పి. కార్టర్‌ది. ఆయన కొండలూ లోయలూ తిరిగి పాటలు ఏరిన మాట నిజం. ఆ శ్రమని నేను తక్కువ చేయను, పాటల కోసం తిరగడమంటే ఏమిటో నాకూ తెలుసు. కానీ ఆయన ఒక్కడే తిరగలేదు. లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారు కళాకారుడు వెంట ఉండేవాడు. సిమెంటు ఫ్యాక్టరీ ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న మనిషి. ఏ.పి. మాటలు రాసుకుంటే రిడిల్ వరస గుర్తుపెట్టుకుని, ఇంటికొచ్చి ఆ ఇద్దరికీ వినిపించేవాడు. రికార్డు చక్రం మీద అతని పేరు లేదు. 1965లో మైక్ సీగర్ అనే సంగీతకారుడు వెతుక్కుంటూ వెళ్ళేదాకా బయటి లోకానికి ఆ మనిషి సంగతే పట్టలేదు. గొంతుకి పేరు లేకపోవడం ఆడవాళ్ళ ఒక్కరి కష్టమే కాదని రిడిల్ నాకు గుర్తు చేస్తుంటాడు.

ఏ.పి. పాటల కోసం ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే పొలం పనీ, పిల్లలూ సారా మీద పడ్డాయి. 1933లో ఆమె ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. 1936లో విడాకులు తీసుకుంది. బృందం మాత్రం ఆగలేదు. రికార్డులు అమ్ముడవుతున్నాయి గదా! పీర్ వైపు నుంచి నచ్చజెప్పి ఆమెని మళ్ళీ మైకు ముందుకు తెచ్చారు. ఆ మనిషితో కాపురం వద్దని తేల్చుకున్న సారా, అతని ఇంటిపేరుతో, అతని పక్కనే నిలబడి, విడాకుల తర్వాత మరో ఏడేళ్ళు పాడింది. 1938 నుంచి మెక్సికో సరిహద్దులో ఉన్న ఎక్స్.ఇ.ఆర్.ఎ. అనే శక్తివంతమైన రేడియో కేంద్రం వాళ్ళ పాటల్ని దూరదూర రాష్ట్రాలకి చేరవేసింది. జనం విన్నది ఒక చక్కని కుటుంబాన్ని. ఆ కుటుంబం విడిపోయి అప్పటికే రెండేళ్ళు దాటింది. 1943లో సారా పాట మానేసి, రెండో భర్త ఉండే కాలిఫోర్నియాకి వెళ్ళిపోయింది.

మేబెల్ మానలేదు. ముగ్గురు కూతుళ్ళని కలుపుకుని కొత్త బృందం కట్టింది. 1950లో నాష్‌విల్‌లో గ్రాండ్ ఓల్ ఆప్రీ రేడియో కచేరీలో చేరింది. 1960 ప్రాంతానికి గిరాకీ తగ్గింది. గిటారు వాయింపునే మార్చేసిన మనిషి రాత్రిళ్ళు ఆస్పత్రిలో రోగుల పక్కన కూర్చుని కనిపెట్టుకునే పని చేసింది. 1970లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో కార్టర్ ఫ్యామిలీకి చోటిచ్చారు. అక్కడికెక్కిన మొట్టమొదటి బృందం వాళ్ళే. ఆ గౌరవాన్నీ ఆ రాత్రి పనినీ విడివిడిగా చెప్పుకోవడం ఈ రంగానికి అలవాటు. నేను రెండింటినీ ఒకే వాక్యంలో చెప్పాలనుకుంటాను.

ఈ కథ నాకు పుస్తకాల్లో ఉండిపోలేదు. మా జిల్లాలో నేను పాటలు రికార్డు చేసుకున్న ఒక నాట్ల గుంపు ఉంది. పదకొండు మంది ఆడవాళ్ళు. గుత్తకి మళ్ళు మాట్లాడుకుని నాట్లేస్తారు, వేస్తూ పాడతారు. నా సిద్ధాంత గ్రంథంలో ప్రతి పాట కిందా ఎత్తుకున్నామె పేరు, అందుకున్నవాళ్ళ పేర్లు, ఊరు రాశాను. 'జానపదానికి కర్త ఉండడు కదమ్మా, ఈ పేర్లన్నీ ఎందుకు?' అని మౌఖిక పరీక్షలో ఒక పెద్దాయన అడిగారు. ఉంచాను. గత ఏడాది ఆ గుంపు దగ్గరికి యూట్యూబ్ చానల్ వాళ్ళు వచ్చారు. పన్నెండు పాటలు తీస్తారట. మనిషికి రెండు వేలు ఇస్తారట. గుంపుకి కొత్త పేరు కూడా వాళ్ళే పెట్టారు. ఒక రాత్రి గుంపు పెద్దామె నాకు ఫోన్ చేసింది.

"సంతకం పెట్టుమంటుండ్రు బిడ్డా. ఇంగ్లీషుల ఉన్నది కాయితం. పెట్టాల్నా, వద్దా?"

కాగితం ఫొటో తీయించి పంపించమన్నాను. చదివితే ఆ పన్నెండు పాటల మీద శాశ్వత హక్కులు చానల్ వాళ్ళవి, గుంపు పేరు కూడా వాళ్ళదే. పాడేవాళ్ళు ఆ పాటల్ని ఇంకెక్కడా రికార్డుకి పాడకూడదు. ఇంకెక్కడా అంటే? మా మేనకోడలి పెళ్ళిలో ఎవరైనా ఫోన్ పట్టుకుంటే? సంతకం పెట్టొద్దని చెప్పడం నాకు తేలికే. కానీ రెండు వేలంటే నాలుగు రోజుల కూలి. "నాకిప్పుడు పైసలు అక్కెరున్నది" అని పక్కనుంచి ఇంకొకామె గట్టిగా అనడం ఫోన్‌లో వినబడుతూనే ఉంది. డాలస్‌లో ఏసీ గదిలో కూర్చుని ఆమెకి హక్కుల గురించి ఉపన్యాసం ఇవ్వడానికి నాకు నోరు రాలేదు. రెండు వారాలు గడువు అడగమన్నాను. ఆ రెండు వారాల్లో నేను చదువుతున్న చరిత్రని మళ్ళీ మొదటినుంచి, ఈసారి ఒప్పందాల వైపు నుంచి చదివాను.

అలా చదివితే బృందానికి పేరెవరు పెట్టారన్నది చిన్న విషయం కాదు. 1937లో జాన్ లేర్ అనే రేడియో నిర్వాహకుడు కెంటకీ కొండల అమ్మాయి లిలీ మే లెడ్‌ఫర్డ్‌ని మధ్యలో పెట్టి కూన్ క్రీక్ గర్ల్స్ అనే బృందం తయారుచేశాడు. వాద్యాలన్నీ ఆడవాళ్ళే వాయించే తొలి బృందాల్లో అదొకటి. ఆ పేరు ఆయన పెట్టిందే. లిలీ, రోజీ అనే అక్కచెల్లెళ్ళ పేర్లకి జోడీగా ఉంటుందని మిగతా ఇద్దరికీ వయొలెట్, డైసీ అని పూల పేర్లు తగిలించారు. లిలీ మేకి ఫిడేలు ప్రాణం. కొండమనిషిలా కనబడాలని ఆయన ఆమె చేతికి బాంజో ఇచ్చాడు. ఒళ్ళంతా కప్పే పాతకాలపు గౌన్లు వేయించాడు. 1939 జూన్‌లో ఆ బృందం వైట్‌హౌస్‌లో బ్రిటిష్ రాజదంపతుల ముందు పాడింది. ఆ అమ్మాయిలు నిజంగా గొప్పగా వాయించేవాళ్ళు. కానీ అమ్మకానికి పెట్టింది ఆ పనితనాన్ని కాదు, పట్నం వాళ్ళు ఊహించుకున్న కొండపిల్లని.

యుద్ధం తర్వాత నాష్‌విల్‌లో పరిశ్రమ స్థిరపడ్డాక మరో పద్ధతి వచ్చింది. ముందు ఒక్క ముఖం, ఒక్క పేరు, ఒక్క కాంట్రాక్టు. వెనక వాయించడానికి గంటల లెక్కన వచ్చే స్టూడియో కళాకారులు. నలుగురు కలిసి వాయించే బృందమంటే కంపెనీలకి అంత ఇష్టం ఉండేది కాదు. నలుగురితో బేరం కుదుర్చుకోవాలి, నలుగురి అలకలు తీర్చాలి. దక్షిణ కరొలైనా తీరంలో ఒక బారులో చిప్పలో పడే చిల్లర కోసం ఏళ్ళ తరబడి వాయించిన అలబామా అనే బృందం 1980 తర్వాత వరసగా విజయాలు సాధించి ఈ నమ్మకాన్ని కదిలించింది. వాళ్ళు మగవాళ్ళు. వాయిద్యాలు తామే వాయించుకునే ఆడవాళ్ళ బృందం ఆ స్థాయికి రావడానికి ఇంకో పద్దెనిమిదేళ్ళు పట్టింది.

ఆ బృందం పుట్టింది నేనుంటున్న డాలస్‌లోనే, 1989లో. అక్కచెల్లెళ్ళు మార్టీ, ఎమిలీ, వాళ్ళకన్నా పెద్దవాళ్ళయిన లారా లించ్, రాబిన్ లిన్ మేసీ. పేరు డిక్సీ చిక్స్. వీధి మలుపుల్లో వాయించి డబ్బులు పోగుచేసుకున్నారు. తమ ఖర్చుతో ఆల్బమ్‌లు వేసుకున్నారు. 1992లో మేసీ వెళ్ళిపోయింది. 1995లో లారా లించ్ స్థానంలో నటాలీ మెయిన్స్ వచ్చింది. సోనీ కంపెనీతో ఒప్పందం కుదిరింది. 1998లో వచ్చిన 'వైడ్ ఓపెన్ స్పేసెస్', 1999లో వచ్చిన 'ఫ్లై', ఒక్కొక్కటీ కోటికి పైగా అమ్ముడయ్యాయి. 1998లో మిగతా కంట్రీ బృందాల డిస్కులన్నీ కలిపినా వీళ్ళవే ఎక్కువ అమ్ముడయ్యాయని తరచూ చెబుతుంటారు. 2000లో సి.ఎం.ఏ. సంస్థ ఆ ఏటి మేటి కళాకారులుగా ఎన్నుకుంది.

ఈ విజయగాథలో నేను లారా లించ్ దగ్గర ఆగుతాను. 2023 డిసెంబరులో ఆమె టెక్సస్‌లో కారు ప్రమాదంలో చనిపోయినప్పుడు, చాలామంది మొదటిసారి ఆ పేరు విన్నారు. వీధిలో నిలబడి బృందాన్ని నిలబెట్టిన మనిషి, పెద్ద డబ్బు రాబోయే గుమ్మం దగ్గర బయటే ఉండిపోయింది. కొత్త గొంతుతో బృందం ఎగిరిన మాట నిజమే. ఆడవాళ్ళ బృందం గనక అందులో అంతా సోదరీత్వమే అని మనం కథలల్లుకోనక్కర్లేదు. బజారు తర్కం ఆడవాళ్ళ చేతుల మీదుగా కూడా నడుస్తుంది.

వాళ్ళు చేసిన ఇంకో పని మన పుస్తకాల్లో తక్కువగా చర్చకొస్తుంది. 2001లో సోనీ వీళ్ళ మీద దావా వేస్తే, వీళ్ళు తిరిగి దావా వేశారు. తమకి రావలసిన రాయల్టీలో 41 లక్షల డాలర్లు ఎగ్గొట్టారని ఆరోపించారు. 2002లో రాజీ కుదిరింది. మెరుగైన షరతులతో పాటు 'ఓపెన్ వైడ్' అనే తమ సొంత లేబుల్ దక్కింది. కోట్ల డిస్కులు అమ్మిన ముగ్గురు ఆడవాళ్ళు లెక్కల పుస్తకం తెరవమని అడిగి, తెరిపించారు! 1927లో పాటకి 50 డాలర్లు పుచ్చుకున్న తోడికోడళ్ళ నుంచి ఇక్కడికి రావడానికి 75 ఏళ్ళు పట్టింది.

ఆ మరుసటేడే అసలు దెబ్బ. 2003 మార్చి 10న, ఇరాక్ యుద్ధానికి పది రోజుల ముందు, లండన్ వేదిక మీద నటాలీ మెయిన్స్ ఈ యుద్ధం తమకి వద్దని, అధ్యక్షుడు తమ టెక్సస్ వాడైనందుకు సిగ్గుపడుతున్నామని అంది. అప్పటికి కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానంలో ఉన్నది వీళ్ళ పాటే. అది యుద్ధంలో చనిపోయిన ఒక సైనికుడి పాట. కొద్ది వారాల్లోనే అది పట్టికలోంచి మాయమైంది. క్యుములస్ అనే సంస్థ తన 42 కంట్రీ స్టేషన్లలో నెల రోజుల పాటు వీళ్ళ పాటలు వేయొద్దని ఆదేశించింది. లూయిజియానాలో డిస్కులు నేల మీద పోసి ట్రాక్టరుతో తొక్కించారు. చంపుతామని బెదిరింపులు వచ్చాయి. అంతకుముందు మాట్లాడిన మగ కళాకారులు లేరా? ఉన్నారు. వాళ్ళని ఎవరూ 'నోరు మూసుకుని పాడండి' అనలేదు. 2006లో వీళ్ళ మీద వచ్చిన డాక్యుమెంటరీకి ఆ తిట్టునే పేరుగా పెట్టారు.

మా పక్కింట్లో ఒక రిటైరైన టీచరు ఉంటుంది. పుట్టి పెరిగింది టెక్సస్‌లోనే. నేను ఈ బృందం గురించి చదువుతున్నానని తెలిసి ఒకరోజు అటకమీద నుంచి అట్టపెట్టె దింపించింది. అందులో వీళ్ళ డిస్కులు నాలుగు ఉన్నాయి. ఆ ఏడాది ఆమె కొడుకు సైన్యంలో ఉన్నాడట. ఆ మాట విన్న రోజు కోపంతో అన్నీ పెట్టెలో పడేసింది. ఎందుకో పారేయలేదు. "కొడుకు తిరిగొచ్చాడు. పెట్టె దింపడానికి మాత్రం మొహం చెల్లలేదు" అంది. శ్రోతలందరినీ అమాయకులుగానో దుర్మార్గులుగానో చూడకూడదని ఆమెని చూస్తే అర్థమైంది. అలిగిన శ్రోత అట్టపెట్టె అటకెక్కిస్తుంది. తర్వాత దింపుతుంది కూడా. స్టేషన్ యజమాని ఒక్క ఆదేశంతో నలభై రెండు ఊళ్ళలో గొంతు ఆపేయగలడు. ఈ రెండూ ఒకటి కావు.

ఆ బలం స్టేషన్లకి ఎలా వచ్చింది? 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం దేశం మొత్తం మీద ఒక సంస్థకి ఇన్నే రేడియో కేంద్రాలు ఉండాలన్న పరిమితిని ఎత్తేసింది. కొద్ది ఏళ్ళలోనే క్లియర్ చానల్ అనే ఒక్క సంస్థ చేతిలోకి దాదాపు 1,200 కేంద్రాలు వచ్చాయి. 2003 జులైలో సెనెట్ కమిటీ ఈ గుత్తాధిపత్యాన్ని విచారించినప్పుడు ఈ బృందం మీది నిషేధమే ఉదాహరణగా చర్చకొచ్చింది. రేడియో వేయకపోయినా వీళ్ళు బతికారు. 2006లో వచ్చిన ఆల్బమ్ మొదటి వారంలోనే 5 లక్షలకి పైగా అమ్ముడైంది. 2007లో ఐదు గ్రామీలు వచ్చాయి. దక్షిణాదిలో టికెట్లు అమ్ముడవక కొన్ని కచేరీలు రద్దయి, కెనడాలో కొత్త కచేరీలు పెట్టుకోవలసి వచ్చింది. నష్టం ఉంది, కానీ ఊపిరి ఆగలేదు. అందులో సొంత లేబుల్ పాత్ర ఉందని నా నమ్మకం. 2002లో లెక్కలు తేల్చుకుని ఉండకపోతే, 2003లో కంపెనీ చెప్పినట్టల్లా క్షమాపణలు చెప్పుకుంటూ తిరగవలసి వచ్చేదేమో.

శిక్ష మాత్రం తర్వాత వచ్చిన ఆడవాళ్ళందరికీ పాఠంగా మిగిలింది. 'డిక్సీ చిక్స్‌లా తయారవకు' అని తనకి చెబుతూ వచ్చారని టేలర్ స్విఫ్ట్ 2020లో వచ్చిన తన డాక్యుమెంటరీలో చెప్పింది. 2015లో ఒక రేడియో సలహాదారు, సలాడ్‌లో ఆకులు మగ గాయకులైతే ఆడవాళ్ళు టమాటా ముక్కల్లాంటివాళ్ళని, వాళ్ళ పాటలు తగ్గించమని స్టేషన్లకి బహిరంగంగానే చెప్పాడు. కెనడా పరిశోధకురాలు జాడా వాట్సన్ లెక్కల ప్రకారం, కంట్రీ రేడియోలో ఏడాది మొత్తం మీద ఎక్కువగా వేసిన పాటల్లో ఆడవాళ్ళవి 2000లో మూడో వంతు. 2018 నాటికి అవి తొమ్మిదో వంతుకి పడిపోయాయి. ఆడవాళ్ళు అమ్ముడవరని చెప్పి వేయకపోవడం, వేయలేదు కాబట్టి అమ్ముడవలేదని చూపించడం. తెలుగు ప్రచురణ రంగంలో ఉన్న రచయిత్రులకి ఈ వలయం కొత్తదా?

చివరగా మళ్ళీ పేరు. 'డిక్సీ' అనేది బానిసత్వం నడిచిన దక్షిణాదిని మురిపెంగా పిలుచుకునే మాట. 2020 జూన్‌లో వీళ్ళు ఆ మాట తీసేసి ది చిక్స్ అయ్యారు. న్యూజిలాండ్‌లో 1960లలో అదే పేరుతో పాడిన ఒక ఆడవాళ్ళ జంట ఉంటే, వాళ్ళని అడిగి, వాళ్ళ అంగీకారంతో పెట్టుకున్నారు. అదే నెలలో లేడీ ఆంటిబెల్లమ్ అనే మరో కంట్రీ బృందం కూడా బానిసత్వపు వాసన ఉందని పేరు మార్చుకుని లేడీ ఏ అయింది. సియాటిల్‌లో అనిటా వైట్ అనే నల్లజాతి బ్లూస్ గాయని అప్పటికే ఎన్నో ఏళ్ళుగా ఆ పేరుతోనే పాడుతోంది. మాటలు కుదరకపోతే బృందమే ఆమె మీద కోర్టుకెళ్ళింది. ఆ వ్యవహారం 2022లో రాజీతో ముగిసింది. నల్లవాళ్ళ పట్ల గౌరవంతో పేరు మార్చుకుంటున్నామని చెప్పి, ఒక నల్లజాతి గాయని పేరు కోసం దావా వేయడం! కేటలాగులో లేచిన గోడ ఇంకా పూర్తిగా కూలలేదు. ఆ గోడకి ఇటువైపు నిలబడి 2024లో బియాన్సే తన ఆల్బమ్‌కి 'కౌబాయ్ కార్టర్' అని పేరు పెట్టింది. అది 2025లో ఉత్తమ కంట్రీ ఆల్బమ్‌గా గ్రామీ గెలిచింది. ఆ కార్టర్ ఆమె అత్తింటి పేరు కూడా కావడం యాదృచ్ఛికమే అయినా నాకు సారా గుర్తొచ్చింది.

గడువు ముగిసే ముందురోజు మా గుంపుతో గంటన్నర మాట్లాడాను. నేను నిర్ణయం చెప్పలేదు. కాగితాన్ని తెలుగులో రాసి పంపి, ఒక్కో షరతూ చదివించాను. వాళ్ళే నాలుగు మాటలు తేల్చారు. ప్రతి పాట కిందా పదకొండు పేర్లూ ఉండాలి. గుంపు పేరు గుంపుదే. పాటలు ఎక్కడైనా పాడుకునే హక్కు తమకే ఉండాలి. ఇప్పుడిచ్చే రెండు వేలు కాక, తర్వాత వచ్చే రాబడిలో వాటా ఉండాలి. డబ్బు అవసరమున్న ఆమెకి గుంపు పొదుపులోంచి అప్పిచ్చారు. చానల్ వాళ్ళు మొదటి రెండింటికి ఒప్పుకున్నారు. మిగతా రెండింటి మీద బేరం ఇంకా నడుస్తోంది. కుదరకపోవచ్చు కూడా. ఇంకో గుంపు ఇదే కాగితం మీద సంతకం పెట్టేయవచ్చు.

మనలో చాలామంది దగ్గర ఆడవాళ్ళ పాటలున్నాయి. పాత క్యాసెట్లలో, ఫోన్లలో, అచ్చుకాని సిద్ధాంత గ్రంథాల్లో. వాటి మీద 'ఒక వృద్ధురాలు', 'స్థానిక మహిళలు' అని రాసి ఉన్నచోటల్లా ఆమె పేరు వెతికి రాయడం ఇప్పటికీ సాధ్యమే. ఆ మనుషులు కొందరైనా ఇంకా బతికే ఉన్నారు. కాగితం పట్టుకుని వచ్చేవాళ్ళు మనకన్నా ముందే వాళ్ళ గుమ్మం ఎక్కుతున్నారు.